మృత్యుభయము – భగవద్భక్తి



ఈనాటి మన విచారణ మృత్యుభయాన్ని గురించినది. ఈ పేరు వినగానే, "దేవాలయంలో నాలుగు మంచి మాటలు విందామని వస్తే ఈ అశుభ ప్రస్తావన ఎందుకు?" అని కొందరికి అనిపించవచ్చును. అలా అనిపించడమే మన విషయానికి మొదటి సాక్ష్యం. పుట్టిన ప్రతివానికి తప్పని దానిని గురించి పలుకుటకు కూడ మనము జంకుచున్నాము. ఈ జంకు ఎక్కడనుండి వచ్చినది? అది మన నడవడిని, మన పూజలను ఎంతవరకు నడుపుతున్నది? భయంతో చేసిన భక్తికి విలువ ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలను పెద్దల మాట ఆధారంగా ఆలోచింతము.

మాటల చాటున దాగిన భయం

మన తెలుగు ఇండ్లలో దీపం ఆరిపోయినదని ఎవరూ అనరు. "దీపం కొండెక్కినది" అంటారు. మంగళసూత్రం తెగినదని అనరు, "పెరిగినది" అంటారు. ఇంటినుండి బయలుదేరే మనిషి "పోతున్నాను" అనడు, "వెళ్ళివస్తాను" అంటాడు. మరణించిన పెద్దలను గురించి చెప్పవలసివస్తే కాలం చేసినారు, పరమపదించినారు, శివైక్యం చెందినారు అని చెప్పుకుంటాము. గరుడపురాణం పుస్తకం ఇంట్లో ఉంచుకొనుటకు కూడ వెనుదీసేవారు ఉన్నారు. మరణం సంభవించిన ఇంట, ఆ పది దినములలో తప్ప దానిని తెరవరు.

ఇంకొక ఆచారం ఉండేది. పూర్వం వరుసగా బిడ్డలు పుట్టి దక్కని ఇంట్లో మరల శిశువు పుడితే, ఆ పసికందును క్షణకాలం పెంటకుప్ప మీదనో, ఎంగిలి విస్తరిలోనో పరుండబెట్టి ఎత్తుకొనేవారు. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ అని పేరు పెట్టేవారు. "ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ, దీనితో నీకు పని లేదు" అని మృత్యువును నమ్మించుట అందులోని భావం. ఈనాడు ఆ పేర్లు విని నవ్వేవారు ఉన్నారు. నవ్వవలసినది ఏమీ లేదు. ఆ పేరు వెనుక, కడుపుకోతను ఒకటికి రెండుసార్లు అనుభవించిన తల్లి ఉన్నది. తన కన్నబిడ్డను అందరిలో "పెంట" అని పిలుచుటకైనా సిద్ధపడినది, వాడు బ్రతికితే చాలునని. మృత్యుభయం ఎంత బలమైనదో, దానిలో ప్రేమ ఎంత కలిసి ఉన్నదో ఈ ఒక్క ఆచారం చెబుతున్నది.

భయానికి మూలం

పతంజలి మహర్షి యోగసూత్రములలో జీవుని బాధించే క్లేశములు ఐదని చెప్పినాడు. అవి అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం. ఈ చివరిదైన అభినివేశమే బ్రతుకును వదలలేని పట్టుదల, అనగా మరణభయం. ఇది తనంతట తాను ప్రవహిస్తూ ఉంటుందని, పామరునిలో ఉన్నట్లే పండితునిలోనూ ఉంటుందని ఆ మహర్షి స్పష్టం చేసినాడు. అప్పుడే పుట్టిన పురుగులో కూడ ఈ భయం కనిపిస్తున్నదని వ్యాసభాష్యం వివరిస్తున్నది. కావున మృత్యుభయం కలవాడు పాపి కాడు, పిరికివాడూ కాడు. దేహం ధరించిన ప్రతి ప్రాణికి అది సహజం.

అయితే పశువుకు, మనిషికి ఒక భేదం ఉన్నది. పులి ఎదుటపడినప్పుడే లేడికి భయం. పులి కనుమరుగైతే అది మరల పచ్చిక మేస్తుంది. మనిషి అట్లు కాదు. ఏ ఆపదా లేని పండుగనాడు, మనుమలు ఒడిలో ఆడుతున్నప్పుడు కూడ, ఒకనాడు దీనినంతటినీ విడువవలెనని అతనికి తెలుసు. తెలిసినా తెలియనట్లు బ్రతుకుతాడు. భారతంలో యక్షుడు లోకంలో ఆశ్చర్యమేమని అడిగినప్పుడు ధర్మరాజు చెప్పిన సమాధానం ఇదే. దినదినమూ ప్రాణులు యముని ఇంటికి పోతుండగా చూస్తూ కూడ, మిగిలినవారు తాము శాశ్వతంగా ఉండగోరుట కంటె వింత లేదన్నాడు.

భయం నుండి పుట్టిన పూజ తక్కువదా?

మృత్యుభయం నుండే దేవుడు పుట్టినాడని, భయం పోతే దేవుని అవసరం కూడ పోతుందని వాదించేవారు ఉన్నారు. ఈ మాటను కోపంతో త్రోసివేయవలదు. ఇందులో కొంత సత్యం ఉన్నది. మన గ్రామదేవతల చరిత్రను చూడుడు. మశూచి సోకినప్పుడు "అమ్మవారు పోసినది" అనేవారు. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, రోగి దగ్గర పరుషవాక్యం పలుకక, పోచమ్మను, ముత్యాలమ్మను, పోలేరమ్మను కొలిచేవారు. సికింద్రాబాదులోని ఉజ్జయినీ మహాకాళి ఆలయం పుట్టుకకు కూడ 1813వ సంవత్సరంలో చెలరేగిన అంటువ్యాధియే కారణమని స్థలకథ చెబుతున్నది. సైన్యంతో ఉజ్జయినికి వెళ్ళిన ఒక తెలుగు భక్తుడు, తన ఊరి ప్రజలు బ్రతికితే అమ్మకు గుడి కట్టిస్తానని అక్కడ మ్రొక్కుకున్నాడట. అనగా ఆ గుడికి పునాదిరాయి మృత్యుభయమే.

కాని ఇక్కడ ఆగి ఒక సంగతి ఆలోచింపవలెను. 1975 తరువాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ఆ వ్యాధి భూమండలం మీదనే నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. భయమే భక్తికి ఏకైక కారణమైతే ఆ సంవత్సరంతో పోచమ్మ గుడులు మూతపడవలసినది. అట్లు జరుగలేదు. నేటికీ ఆషాఢమాసం రాగానే ఆడపడుచులు కొత్తకుండలో అన్నం వండి, పసుపు కుంకుమలతో, వేపరెమ్మలతో అలంకరించి, పైన దీపం పెట్టి, బోనం తలకెత్తుకొని అమ్మ దగ్గరకు వెళుతున్నారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్రపండుగగా ప్రకటించినది. వ్యాధి పోయినది, భయం పోయినది, అమ్మ మాత్రం మిగిలినది. పూర్వులు ప్రాణం తీయవచ్చిన దానిని కూడ "అమ్మా" అని పిలిచినారు. ఆ పిలుపుతో భయం బంధుత్వంగా మారినది. భయం వారిని గుడి వాకిలి వరకు తెచ్చినది. లోపల నిలిపినది మాత్రం కృతజ్ఞత.

గీతాచార్యుడు తనను భజించేవారిని నాలుగు తెగలుగా చెప్పి, మొదట ఆర్తుని పేర్కొన్నాడు. ఆపదలో పడి అలమటించేవాడు ఆర్తుడు. ఆ నలుగురూ ఉదారులేనని, అందరూ ఉత్తములేనని స్వామి సెలవిచ్చినాడు. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు ఆర్తుడే కదా! తన బలం మీద నమ్మకం ఉన్నంతవరకు పోరాడినాడు. బలం ఉడిగిన తరువాతనే పిలిచినాడు. ఇంత ఆలస్యంగా పిలిచినావేమని స్వామి అడుగలేదు. కావున భయంతో గుడికి వచ్చిన వానిని ఎవరూ చులకన చేయరాదు. అయితే భయంతో వచ్చినవాడు భయంలోనే ఉండిపోయినాడా, దానిని దాటినాడా అన్నది మాత్రం తప్పక అడుగవలసిన ప్రశ్న. దీనికి పరీక్షిన్మహారాజు చరిత్ర కంటె మంచి దృష్టాంతం లేదు.

ఒంటిస్తంభపు మేడ

పరీక్షిత్తు కథ మనకు రెండు గ్రంథములలో రెండు విధములుగా లభించుచున్నది. మొదలు రెండింటిలో ఒకటే. వేటకు వెళ్ళిన రాజు అలసి, మౌనంలో ఉన్న శమీక మహర్షిని పలుకరించినాడు. మహర్షి బదులు పలుకలేదు. కోపంతో రాజు ఒక చచ్చిన పామును ఆయన మెడలో వేసి పోయినాడు. మహర్షి కుమారుడైన శృంగి అది తెలిసి, ఏడవనాటికి తక్షకుని విషంతో రాజు మరణించునని శపించినాడు. అంతవరకు కథ ఒకటే. శాపం విన్న తరువాత రాజు ఏమి చేసినాడన్న చోట కథ రెండుగా చీలినది.

మహాభారతం ఆదిపర్వంలో పరీక్షిత్తు మంత్రులతో ఆలోచించి ఒంటిస్తంభపు మేడ కట్టించుకున్నాడు. చుట్టూ కాపలా పెట్టినాడు. విషవైద్యులను, ఔషధములను, మంత్రసిద్ధులను సమకూర్చుకున్నాడు. విషాన్ని హరించగల కాశ్యపుడు రాజును రక్షించుటకు బయలుదేరగా, దారిలో తక్షకుడు ఆయనకు కోరిన ధనమిచ్చి వెనుకకు మరలించినాడు. ఏడవనాడు తాపసుల వేషంలో వచ్చిన నాగులు రాజుకు పండ్లు కానుకగా ఇచ్చినారు. ఒక పండులో చిన్న పురుగు కనిపించినది. సూర్యుడు అస్తమించబోతున్నాడు, గడువు తీరినది, ఇక భయం లేదని రాజు నవ్వుతూ ఆ పురుగును తన మెడ మీద పెట్టుకున్నాడు. ఆ పురుగే తక్షకుడు.

ఈ కథలో రాజు తప్పు ఏమిటి? వైద్యులను పిలుచుట తప్పు కాదు. దేహం ధర్మసాధనం, దానిని కాపాడుకొనుట ధర్మమే. ఏడు దినములు చేతిలో ఉండగా, ఆ ఏడింటినీ గోడలు కట్టుటకే వెచ్చించినాడు, అది తప్పు. మరణం వస్తుందా రాదా అన్న ఒక్క ప్రశ్న తప్ప వేరొక ప్రశ్న అతనికి తోచలేదు.

ఒంటిస్తంభపు మేడలు మనమూ కట్టుకొంటున్నాము. ఒకనికి ధనం మేడ, ఒకనికి పదవి మేడ. కొందరికి పూజయే మేడ. "ఇంత ఖర్చుతో ఈ శాంతి చేయించకపోతే ఇంట్లో ప్రాణగండం" అని ఎవరో చెప్పగానే అప్పుచేసి అయినా చేయించేవారు ఉన్నారు. ఆ భయాన్ని సరుకుగా అమ్ముకొనేవారూ ఉన్నారు. శాస్త్రోక్తమైన కర్మను నేను కాదనుట లేదు. మృత్యుంజయ మంత్రం అడిగేదేమిటో ఒకసారి చూడుడు. మరణమే రాకూడదని అది అడుగదు. పండిన దోసపండు తొడిమనుండి తనంతట విడివడినట్లు, మృత్యుబంధం నుండి విడిపించుమని అడుగుతున్నది. పచ్చికాయను త్రుంచితే తీగ చిరుగుతుంది. పండినదానికి ఆ బాధ లేదు. పండుటకు కావలసిన శక్తిని అడిగే మంత్రాన్ని, మరణంతో బేరం చేసే మంత్రంగా మార్చుకొనుట మన లోపం.

భయం కోపంగా మారినప్పుడు

భయం మేడ కట్టుటతో ఆగదు. తండ్రి మరణకారణం విన్న జనమేజయుడు ఏమి చేసినాడు? కాటు వేసినది ఒక్క తక్షకుడు. అయినా లోకంలోని సర్పజాతినంతటినీ అగ్నిలో వ్రేల్చుటకు సర్పయాగం మొదలుపెట్టినాడు. ఆ పాములలో ఎన్నింటికి పరీక్షిత్తు పేరైనా తెలియునో! మృత్యువు మీద చేయి చేసుకొనలేని మనిషి, తనకు భిన్నంగా కనిపించిన వారి మీద చేయి చేసుకొంటాడు. ఇంటిలో ఒక మరణం సంభవించగానే "ఫలానా వారి దృష్టి తగిలినది, ఫలానా కోడలు అడుగుపెట్టిన వేళ" అని ఎవరో ఒక దిక్కులేని మనిషిని నిందించుట ఈ సర్పయాగానికి చిన్న రూపమే.

పాశ్చాత్య దేశములలో కూడ దీనిని పరిశీలించినారు. మనిషి కట్టుకొనే నాగరికతలో అధికభాగం మృత్యుభయాన్ని కప్పిపుచ్చుటకేనని ఎర్నెస్ట్ బెకర్ అనే విద్వాంసుడు 1973లో ఒక గ్రంథం వ్రాసినాడు. దానిని ఆధారం చేసుకొని కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో 22 మంది న్యాయమూర్తులతో ఒక ప్రయోగం చేసి 1989లో ప్రకటించినారు. కొందరిని ముందుగా తమ మరణాన్ని గురించి తలచుకొనునట్లు చేసి, తరువాత అందరికీ ఒకే కేసు ఇచ్చి, జామీను సొమ్ము నిర్ణయింపుమన్నారు. మరణాన్ని తలచుకొననివారు సగటున 50 డాలర్లు విధించగా, తలచుకొన్నవారు 455 డాలర్లు విధించినారు. తరువాతి కాలంలో ఇటువంటి ప్రయోగములను పలుచోట్ల మరల చేసినప్పుడు ఫలితం అన్నిచోట్లా నిలువలేదు. కావున ఆ అంకెలను ప్రమాణంగా పట్టుకొనవలదు. భయపడిన మనిషి కఠినుడగునన్న సత్యం మనకు జనమేజయుని కథ ముందే చెప్పినది.

ఆ యాగాన్ని ఆపినదెవరు? ఆస్తీకుడనే బాలముని. ఆయన తండ్రి ఋషి, తల్లి నాగకన్య. ఇరుపక్షముల రక్తం తనలో ఉన్నవాడు వచ్చి కరుణను అడిగితే అగ్ని చల్లారినది. వైశంపాయనుడు భారతకథను వినిపించినది ఆ జనమేజయుని సభలోనే. పగతో మొదలైన సభలో ధర్మకథ వినబడినది.

గంగాతీరం

ఇక శ్రీమద్భాగవతంలోని పరీక్షిత్తును చూడుడు. శాపవార్త వినగానే, సంసారంలో మునిగిన తనకు ఇది వైరాగ్యకారణమైన అనుగ్రహమని భావించినాడు. జనమేజయునికి రాజ్యం అప్పగించినాడు. గంగాతీరంలో దర్భల మీద ఉత్తరాభిముఖుడై కూర్చున్నాడు. మహర్షులందరూ వచ్చినారు, శుకయోగి వచ్చినాడు. "నన్ను బ్రతికించు" అని రాజు అడుగలేదు. మరణం దగ్గరపడిన మనిషి ఏమి చేయవలెను, ఏమి వినవలెను, దేనిని స్మరింపవలెను అని అడిగినాడు. ఈ ప్రశ్న లోకానికంతటికీ హితమైనదని శుకుడు మెచ్చుకున్నాడు. ఖట్వాంగుడనే రాజర్షి తనకు ముహూర్తకాలమే ఆయువున్నదని తెలిసి, ఆ కొద్దిసేపటిలోనే సర్వం విడిచి హరిని శరణు పొందినాడు, నీకు ఏడు దినములు ఉన్నవి కదా అని ధైర్యం చెప్పినాడు.

ఆ ఏడు దినములలో పుట్టినదే మనకు భాగవతం. చివరకు శుకుడు "నేను మరణిస్తాను" అన్న తలంపును విడువుమన్నాడు. కట్టెలో ఉన్న నిప్పు కట్టె కానట్లు, దేహంలో ఉన్న ఆత్మ దేహం కాదని బోధించినాడు. తక్షకుని వలన గాని, మృత్యువు వలన గాని తనకిక భయం లేదని రాజు విన్నవించినాడు. తక్షకుడు వచ్చినాడు, కాటు వేసినాడు.

రెండు గ్రంథములలోనూ కాటు ఒకటే, దినం ఒకటే. మేడలోని రాజు తప్పించుకొన్నానని నవ్వుతూ మోసపోయినాడు. గంగాతీరంలోని రాజు తెలిసి ఎదురేగినాడు. ఒకే భయం ఒకచోట గోడగా మారినది, వేరొకచోట ప్రశ్నగా మారినది. ప్రశ్నగా మారిన భయమే జిజ్ఞాస. ఆర్తుడు జిజ్ఞాసువైన తీరు ఇది.

ఇది పురాణపురుషులకే సాధ్యమని అనుకొనవలదు. 1896లో మధురలో తన పినతండ్రి ఇంట ఉన్న పదహారేండ్ల బాలునికి ఏ వ్యాధీ లేకుండానే హఠాత్తుగా మృత్యుభయం కలిగినది. అతడు వైద్యుని కొరకు పరుగెత్తలేదు. శవంవలె పరుండి, ఈ దేహం పోయిన తరువాత "నేను" అనునది మిగులునా అని విచారించినాడు. ఆ బాలుడే తరువాత అరుణాచలంలో రమణమహర్షిగా ప్రసిద్ధుడైనాడు.

మన ఇండ్లలో చేయవలసినది

ఇంత విన్న తరువాత మన ఇంటి సంగతి ఆలోచింతము. మంచం పట్టిన తండ్రి, "ఒరే నాయనా, నా తరువాత అమ్మను జాగ్రత్తగా చూసుకో" అని మొదలుపెడితే, "అట్లాంటి మాటలు అనవద్దు నాన్నగారూ, మీకేమీ కాదు" అని కుమారుడు నోరు మూయిస్తాడు. అది ప్రేమతో అన్నమాటయే. కాని ఆ తండ్రి చెప్పదలచినది చెప్పలేదు. ఎవరికో ఇవ్వవలసిన బాకీ, ఎవరినో అడుగవలసిన క్షమాపణ, మనస్సులోని భయం, అన్నీ లోపలనే ఉండిపోయినవి. చుట్టూ ఇంటినిండా మనుషులున్నా ఆయన ఒంటిస్తంభపు మేడలో ఒంటరిగానే ఉన్నాడు. ఆ మేడ మనము కట్టినది.

శుకుడు పరీక్షిత్తుకు "నీకేమీ కాదు" అని చెప్పలేదు. ప్రక్కన కూర్చున్నాడు, అడిగినదానికి బదులు చెప్పినాడు. మనకు శుకుని జ్ఞానం లేకపోవచ్చును, కూర్చొనుటకు ఓపిక ఉండవచ్చును కదా! పెద్దలు మరణాన్ని గురించి మాట్లాడదలచినప్పుడు మాట్లాడనిండు. చేయి పట్టుకొని వినుడు. వారికి ఇష్టమైన నామం, స్తోత్రం వినిపించుడు. చివరిదశలో తనకు ఎటువంటి చికిత్స కావలెనో, ఏది వలదో మనిషి ముందుగానే వ్రాసి ఉంచుకొనవచ్చునని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసినది. ఇటువంటి మాటలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో కూర్చొని చెప్పుకొనుట అశుభం కాదు. వెనుక మిగిలేవారికి అది మేలు చేయుట.

మన భక్తిని మనమే పరీక్షించుకొనుటకు ఒక సులభమైన గుర్తు ఉన్నది. పూజ చేసి లేచిన తరువాత మనస్సు తేలికపడినదా, ఇంకొక దోషమేదో మిగిలిపోయినదని అనుమానం పెరిగినదా? తోటివారి మీద దయ కలిగినదా, ఎవరినో నిందింపవలెనని తోచినదా? దయ పెరిగితే మనము గంగాతీరం వైపు నడుస్తున్నట్లు. అనుమానం పెరిగితే మేడకు ఇంకొక గోడ కడుతున్నట్లు.

మహాశయులారా! పరీక్షిత్తుకు ఏడు దినములని తెలుసు. మన గడువు ఎంతో మనకు తెలియదు. కాని వారంలో ఉన్నవీ ఏడు దినములే. మన ఆయువు కూడ ఆ ఏడింటిలో ఏదో ఒక దినాన ముగియవలసినదే. కావున ఏ దినాన్నీ గోడలు కట్టుటకు వృథా చేయక, ఒక మంచి ప్రశ్నకు, ఒక భగవన్నామానికి, ప్రక్కనున్న మనిషికి వినియోగించే బుద్ధిని సర్వేశ్వరుడు మనందరికీ ప్రసాదించుగాక అని ప్రార్థిస్తూ విరమిస్తున్నాను.

స్వస్తి.